రిపోర్టు బాగున్నది నాకొక్కడికే

కొండాపూర్‌లో నేనూ మా గోల్డెన్ రిట్రీవర్ బ్రూనో పొద్దున్నే షికారుకు బయల్దేరితే, ఎవరు ఎవర్ని ఈడుస్తున్నారో చూసేవాళ్లకు అర్థం కాదు. "ఏం తింటున్నరు సారూ, ఇద్దరూ మస్తు బలిసిన్రు" అన్నాడు వాచ్‌మన్.

నాదంటే సైబర్ టవర్స్ నీడలో కుర్చీకి అతుక్కుని సంపాదించుకున్న పొట్ట. బ్రూనో గిన్నెలో మాత్రం మెతుకు పెరగలేదు. అయినా వాడు లావెక్కాడు. దురద లేకుండానే నడుముకు రెండు పక్కలా బొచ్చు పలచబడింది, తోక బోడి అయింది. ఏసీ వేస్తే చాలు, లేచిపోయి బాల్కనీ ఎండలో పడుకుంటాడు. ఆఫీసు కాల్‌లో వాడి గురక వినిపిస్తే మా మేనేజర్ నన్నే అనుమానించాడు.

డాక్టరు గారు వాణ్ని చూసి థైరాయిడ్ మందగించి ఉండొచ్చన్నారు. నడివయసు కుక్కల్లో, ముఖ్యంగా రిట్రీవర్లలో, డోబర్‌మన్‌లలో ఇది మామూలేనట. చాలాసార్లు ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథి మీద పడుతుంది. లేదంటే గ్రంథి దానంతటదే కుంచించుకుపోతుంది.

మా వీధి ల్యాబులో ఫ్యామిలీ ప్యాకేజీ ఉంది, అందులో వీణ్నీ కలిపేద్దామా అని అడిగాను. డాక్టరు గారు నవ్వలేదు. మనుషుల టీఎస్‌హెచ్ పరీక్ష కుక్కలకు పనికిరాదు. థైరాయిడ్ హార్మోన్ టీ4 ఒక్కటే తగ్గినా చాలదు. ఇంకే జబ్బు ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అది తగ్గుతుంది. ఫ్రీ టీ4, కుక్కల టీఎస్‌హెచ్ కూడా చూశాకే తేల్చారు.

మా ఆవిడ రోజూ పరగడుపున వేసుకునేది 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ హార్మోన్ బిళ్ళ. 35 కిలోల బ్రూనోకు పూటకు 700, రెండు పూటలా! కుక్క ఒంట్లో ఆ హార్మోన్ సరిగా ఇంకదు, ఇంకింది కూడా గబగబా ఖర్చయిపోతుంది. వంద బిళ్ళల సీసా వారం తిరిగేసరికి ఖాళీ. మెడికల్ షాపతను నా వంక జాలిగా చూసి, "ఇంట్లో అందరికీ ఉందా సార్?" అన్నాడు.

ఆ మాటతో నాలో ఆశ పుట్టింది. ఆ బిళ్ళేదో నా పొట్టకూ దొరుకుతుందని రక్తం ఇచ్చొచ్చాను. అన్నీ నార్మల్. మా ఆవిడ ఆ రిపోర్టును ఫ్రిజ్ తలుపుకు అంటించింది, సరిగ్గా నా చెయ్యి వెళ్లే చోట.

ఇప్పుడు బ్రూనో 2018లో జీహెచ్‌ఎంసీ కొండాపూర్‌లో తెరిచిన కుక్కల పార్కులో పరుగులు తీస్తున్నాడు. నేను బెంచీ మీద కూర్చుని ప్రోత్సహిస్తున్నాను.

తిండి పెరగకుండా మీ కుక్క లావెక్కితే రక్తపరీక్ష చేయించండి. ఇంట్లోవాళ్ల బిళ్ళలు ఉజ్జాయింపుగా వెయ్యకండి. మందు మొదలెట్టిన నెలా రెండు నెలల్లో, బిళ్ళ వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య, మళ్లీ రక్తం చూపించాలి. మందు జీవితాంతం వాడాలి, కుక్క మాత్రం హాయిగా బతుకుతుంది. లావెక్కింది మీరైతే, ముందు బెంచీ మీంచి లేవండి.