ఊరక కూర్చున్న పెట్టె ఆత్మకథ

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గరగా ఒక డీటీపీ దుకాణపు బల్ల కింద కాలం గడిపిన, ఈ చరిత్రకు తానే కథకుడూ కథావస్తువూ అయిన డెస్క్‌టాప్ కంప్యూటర్, తన ఆయుష్షులో అధికభాగాన్ని పని చేయడంలో కాక పని కోసం ఎదురుచూడడంలోనే వెళ్లదీసింది. పెళ్లిపత్రికలో ముహూర్తం దిద్దడానికి గాని, అడంగల్ నకలు ప్రింటు తీయడానికి గాని నిమిషాలు చాలేవి; ఒక గిరాకీ వెళ్లి మరొకటి వచ్చేదాకా గంటలు పట్టేది. ఆ గంటల్లో అది లాగిన కరెంటునే ఖాళీ వాడకం అంటారు. ఆ కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది గనుక, 70 వాట్లు లాగే పెట్టె గదిలో 70 వాట్ల పొయ్యితో సమానం.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొంటూ, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఈ పీఠభూమిలో ఆ వేడికి వడ్డీ కూడా పడుతుంది. ప్రాసెసర్ వేడిని గాలికి అప్పగించే లోహపు రేకుల దిమ్మ, అనగా హీట్‌సింక్, ఫ్యాను ఎంత తిరిగినా చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడలేదు. పైగా సిలికాన్ వేడెక్కినకొద్దీ, మూసి ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కూడా కారిపోయే కరెంటు, అనగా లీకేజి, పెరిగి మళ్లీ వేడినే పెంచుతుంది.

పని లేనప్పుడు ప్రాసెసర్ దిగే నిద్ర మెట్లను సి-స్టేట్‌లు అంటారు. పై మెట్టులో కోర్‌ను నడిపే గడియారం మాత్రమే ఆగుతుంది. సి6 వంటి లోతైన మెట్టులో ఆ కోర్‌కు వోల్టేజి దాదాపు సున్నాకు దిగి, లీకేజి సైతం తెగిపోతుంది. ఈ యంత్రానికి అమరినది 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం, హాస్వెల్ ప్రాసెసర్. గాఢనిద్రలో అది 12 వోల్టుల తీగ నుంచి 0.05 ఆంపియర్ అంత స్వల్పంగా లాగగలదు గాని, అంతకు మునుపటి కొలతలతో చేసిన పవర్ సప్లైలు కనీసం 0.5 ఆంపియర్ భారాన్ని ఆశించేవి. పెట్టెను కూర్చినవారు అటువంటి పాత సప్లైనే బిగించి, అది ఆరిపోతుందన్న భయంతో యంత్రపు మూల అమరికలు ఉండే చోట, అనగా బయాస్‌లో, గాఢనిద్రను మూసివేశారు. పుట్టుకతోనే నిద్రలేమి అంటే ఇదే. యజమాని మాత్రం నేరమంతా ఎండదేనని నమ్మి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. కరెంటు చేసిన వేడిని తోలడానికి మరికొంత కరెంటు ఖర్చయింది.

ఆషాఢంలో వీచే గాలి తన వానను పడమటి కనుమల అవతలే కురిపించి, ఇటు పొడిగా వస్తుంది. రామగిరి కొండల మీది గాలిమరలను తిప్పే ఆ గాలే ఎర్రదుమ్మును తలుపు సందుల్లోంచి లోపలికి తోస్తుంది. ఒకనాడు మెకానిక్ పక్కరేకు విప్పినప్పుడు, హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకొన్న దుమ్ము కంబళి ముక్కలా ఊడివచ్చింది. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ వేడిని చేరవేయవలసిన థర్మల్ పేస్టు చెరువు నేలలా నెర్రెలు వారి ఉంది. అతడు రంగుల బ్రష్‌తో దులిపి, కొత్త పేస్టు పూసి, సప్లైని మార్చి, బయాస్‌లో మూతపడిన నిద్రను తెరిచి, ప్రాసెసర్ కనీస వేగాన్ని నూటికి నూరు నుంచి 5 శాతానికి దించాడు. గోడ ప్లగ్గు దగ్గర పెట్టిన వాట్‌మీటరులో అంకె 70 నుంచి 40కి దిగింది. రోజుకు 12 గంటల చొప్పున లెక్కిస్తే నెలకు దాదాపు 11 యూనిట్ల ఆదా.

తెరమీద ఈదే చేపల స్క్రీన్‌సేవర్‌నూ అతడే తీసివేశాడు. అది పాత గాజుతెరలకు మచ్చలు పడకుండా పుట్టినదే తప్ప ఆదా కోసం కాదు. యంత్రాన్ని స్లీప్‌లో ఉంచితే, చేసిన పని ర్యామ్‌లోనే ఉండి, కరెంటు పోతే చెరిగిపోతుంది గనుక, మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు పనిని డిస్కు మీద దాచి పూర్తిగా ఆరిపోయే హైబర్నేట్ వాడమన్నాడు. ఆ తరువాత కొన్నాళ్లు, ఫ్యాను చప్పుడు వినబడక పెట్టె ఆగిపోయిందనుకొని, యజమాని ఉండుండి మౌస్ కదిపి చూసేవాడు.