ఎదురుగా ఉన్న ప్రింటరు ఆచూకీ గురించి

అయ్యా! ఈ ఫిర్యాదు ఏ కౌంటర్లో ఇవ్వాలో తేలకపోవడంతో కనబడిన ప్రతివారికీ ఇచ్చుకుంటున్నాను.

నేను విజయవాడలో సొంతిల్లు గలవాణ్ని. ముందుగది నా ఆఫీసు. జీఎస్‌టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్సు లెక్కలు నా జీవనాధారం. టేబుల్ మీద కంప్యూటరు, పక్కన స్టూలు మీద ప్రింటరు. కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాపితే ప్రింటరు మూత నా వేళ్లకు తగులుతుంది. కంప్యూటరుకు మాత్రం అది అందదట. "ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉంది" అని తెర మీద రాసి చేతులు దులుపుకుంటుంది. మధ్యలో కృష్ణమ్మ పారుతోందా? ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తారా? ఉన్నదల్లా రెండు పలకల గచ్చు. అదీ పొద్దున్నే ఫినాయిలు పోసి తుడిచింది.

ఇది నెలలో ఏ 5వ తేదీనో జరిగితే ఓర్చుకుందును. జీఎస్‌టీఆర్-3బీకి గడువు 20. రిటర్ను ఆన్‌లైన్లోనే వేస్తాం, కాదనను. కానీ వన్‌టౌన్లో ఇనుప సామాన్ల కొట్టున్న పెద్దాయన చలానా కాగితం మీద చూసుకుంటే తప్ప డబ్బు గవర్నమెంటుకు చేరిందని నమ్మరు. "గురువుగారూ, ఫోన్లో నాకు ఆనదండీ, కాగితం ఇప్పించండి" అని ఎదురుగా కూర్చున్నారు. మా ఆవిడ ఆయనకు కాఫీ ఇచ్చింది. అది తాగేశారు. మజ్జిగ ఇచ్చింది. అదీ అయింది. ప్రింటరు ఉలకదు, పలకదు.

ఇలాంటప్పుడు ఇంటిల్లిపాదీ వైద్యులే. "ఓసారి ఆపి వెయ్యండి" అంది మా ఆవిడ. నీళ్ల మోటారుకైనా, సెట్‌టాప్ బాక్సుకైనా మా ఇంట్లో ఇదొక్కటే మందు. "సార్, రౌటర్ కూడా ఆపి వేద్దాం" అన్నాడు నా దగ్గర పనిచేసే కుర్రాడు, అనడమే ఏమిటి, వేసేశాడు. అసలు రోగం అక్కడే పుడుతుందని ఆ ఇద్దరికీ ఎవరు చెబుతారు?

సంగతి ఇదీ. ఈ ఇల్లు నాది. ఇంటి పన్ను కట్టేది నేను. కానీ ఇంట్లో ఏ సామాను ఏ నంబరులో ఉండాలో నిర్ణయించేది షోకేసు మీద కూర్చున్న అరచేతి వెడల్పు రౌటరు. డీహెచ్‌సీపీ అనే పద్ధతి ప్రకారం పంచుతుంది. 1993లో రాసుకున్న నిబంధనలట. వైఫైలోకి ఏది వచ్చినా దానికి 192.168తో మొదలయ్యే ఒక నంబరిస్తుంది. ఆ నంబర్లు ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ లోపల్లోపల వాడుకోవడానికి వదిలేసినవి, కాబట్టి పక్కింటివాళ్ల ప్రింటరుదీ సరిగ్గా మా నంబరే అయినా అభ్యంతరం లేదు. ఇచ్చిన నంబరు శాశ్వతమూ కాదు. చాలా ఇళ్ల రౌటర్లలో గడువు 24 గంటలు. సగం గడువు కాగానే ఆ సామాను మళ్లీ అడిగి పొడిగించుకోవాలి, లేదంటే గడువు తీరాక నంబరు వేరొకరికి పోవచ్చు. మా పైవాటా అద్దెకిస్తే పదకొండు నెలల అగ్రిమెంటు, నెల రోజుల ముందు నోటీసు, స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షులు. నా నట్టింట్లో ఈ రౌటరుగారు ఒక్కరోజు అద్దెకు నంబర్లిచ్చి, ఖాళీ చేయించి, ఇంకొకరిని దింపుతుంటే ఇంటి ఓనరుకు కబురైనా లేదు.

పైగా చిన్నపాటి రౌటర్లు చాలావాటికి కరెంటు పోయి వస్తే ఎవరికి ఏ నంబరిచ్చాయో జ్ఞాపకం ఉండదు. మధ్యాహ్నం లైను పనులని కరెంటు తీశారు. వచ్చాక ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కసారిగా రౌటరు మీద పడ్డాయి. ఫోన్లు, టీవీ, గేటు దగ్గరి సీసీ కెమెరా. మా ప్రింటరు మాత్రం లోపలి సామాను అటూ ఇటూ కదుపుకుంటూ, ఏవో కిరకిరలు, గరగరలు అన్నీ ముగించుకుని తీరిగ్గా లైన్లో చివరికి వెళ్లింది. అప్పటిదాకా 4వ నంబరులో ఉన్నది కాస్తా 9కి మారింది. ఆ మాట కంప్యూటరుకు చెప్పాల్సిన పని రౌటరుది కాదట, ప్రింటరుదీ కాదట. కంప్యూటరు పోర్టులో 4 అని ఎప్పుడో రాసిపెట్టుకుంది, అక్కడికే వెళ్లి తలుపు కొడుతోంది.

బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోన్లో, "నాన్నా, పింగ్ చేసి చూడు" అన్నాడు. నల్ల తెర తెరిచి ఆ 4వ నంబరుకు చేశాను. పింగ్ అనేది 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రాం. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వని కోసం చెవి పెట్టినట్టే, ఒక నంబరుకు కబురు పంపి జవాబు వస్తుందా లేదా చూస్తుంది. నాకొచ్చిన జవాబు ఇది: "192.168.1.7 నుంచి జవాబు: గమ్యం చేరుకోలేము." నాలుగు వరసలూ అదే. కింద లెక్క: పంపినవి 4, అందినవి 4, పోయినవి 0.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పోయినవి సున్నా! ఇంతకీ ఆ 7వ నంబరు ఎవరిదంటే నా కంప్యూటరుదే. తానే వెతికి, దొరకలేదని తనకు తానే జవాబు రాసుకుని, ఆ జవాబులు తనకే క్షేమంగా అందాయి కనుక నూటికి నూరుపాళ్లూ పని జరిగినట్టు లెక్క తేల్చింది. ముప్పై ఏళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాణ్ని. ఇంత నిర్దోషమైన ఫైలు క్లోజింగు నేనెరగను.

మా కుర్రాడు రౌటర్ ఆపి వేశాక పరిస్థితి ఇంకా ఘనంగా తయారైంది. ఈసారి 4వ నంబరు నుంచి హాయిగా జవాబులు రావడం మొదలైంది. "సార్, దొరికింది!" అని గంతేశాడు. ప్రింటు కొట్టాం. ఏమీ రాలేదు. ఆరా తీస్తే 4లో ఇప్పుడున్నది గేటు దగ్గరి కెమెరా. ప్రింటర్లు సరుకు దించుకోవడానికి మామూలుగా తెరిచి ఉంచే పోర్టు 9100. పెద్దాయన చలానా పట్టుకుని నా కంప్యూటరు ఆ కెమెరా దగ్గరికెళ్లి 9100 తలుపు తట్టుతోందన్నమాట. కెమెరాకు అలాంటి తలుపే లేదు.

మరి ప్రింటరు కొత్త నంబరు ఎలా తెలిసిందంటారా? అది ఇంకో అవమానం. వైర్‌లెస్ గుర్తున్న బటన్ను కాసేపు నొక్కి పట్టుకుంటే తన వివరాల కాగితం తానే ముద్రించుకుంటుంది. నాకు ఒక్క పేజీ ఇవ్వనన్న మహాతల్లి టకటకా మొదలెట్టి తన పేరు, వైఫై పేరు, సిగ్నల్ బలం, కొత్త నంబరు, ఎక్కడా మరక లేకుండా ముద్రించి ట్రేలో పడేసింది. ఇంకు బ్రహ్మాండంగా ఉంది. ఆ కాగితం చూసి పెద్దాయన "నా చలానాయేనాండీ?" అని చెయ్యి చాపారు.

ఈ జాతితో వేగలేకపోయినవాణ్ని నేనొక్కణ్నే కాదని కొంత ఊరట. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయనకు కొత్తగా వచ్చిన లేజర్ ప్రింటరుతో ఇదే గోల. ప్రింటరేమో ఒకచోట, మనుషులేమో వేరే అంతస్తుల్లో. కాగితం ఇరుక్కుంటే వెళ్లి చూస్తే తప్ప తెలియదు. పాత ప్రింటరుకైతే, ఇరుక్కోగానే ప్రింటు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల తెరల మీద కబురొచ్చేలా ఆయనే ప్రోగ్రాం సవరించి పెట్టాడు. కొత్తదానికీ అలాగే చేద్దామని దాని సోర్సు కోడ్ అడిగితే, ఇవ్వనని మాటిచ్చానంటూ ఒక ప్రొఫెసరు నిరాకరించాడు. ఆ కడుపుమంట చల్లారక, సోర్సు కోడ్ అందరికీ అందాలంటూ 1983 సెప్టెంబరు 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించినవాడు ఆయనే. ఆయన తెలివి నాకుంటే నేనూ ఏదో ఒక ఉద్యమం లేవదీద్దును. నాకు 20వ తేదీ ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోడులో అయితే ప్రింటరు వింత సంకేతాలిస్తే "అంటుకుంది" అని ప్రకటించే వాక్యం ఒకటి ఇప్పటికీ ఉంది. అది రాసినవాడి మనసు నాకు అర్థమవుతుంది.

మందు చెప్పింది మా అబ్బాయే. ప్రింటరు వెనక స్టిక్కరు మీద అంకెలూ అక్షరాలూ కలిసిన పన్నెండు గుర్తుల మ్యాక్ అడ్రసు ఉంటుంది, పుట్టుమచ్చ వంటిది, కరెంటు పోయినా మారదు. రౌటర్లోకి వెళ్లి, ఈ మచ్చ ఉన్నదానికి ఎప్పుడూ ఈ నంబరే అని రిజర్వు చేయాలి. రౌటర్లోకి వెళ్లడానికి పాస్‌వర్డు కావాలి. అది కనెక్షన్ పెట్టిన కుర్రాడికే తెలుసు. ఫోన్ చేస్తే, "అడ్మిన్ అంకుల్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే" అన్నాడు నిశ్చింతగా. గేటుకు కెమెరా ఎందుకు పెట్టించానో మరి!

పాస్‌వర్డు మార్చాం. నంబరు రిజర్వు చేశాం. కంప్యూటరు పోర్టులో పాత నంబరు కొట్టేసి కొత్తది రాశాం. అయినా ఆఫ్‌లైనే అంది. ఎస్ఎన్ఎంపీ అని ఒక టిక్కు ఉంటుందట. కంప్యూటరు దాని ద్వారా ప్రింటరు కుశలం అడుగుతుంది, జవాబు రాకపోతే, ప్రింటరు నిక్షేపంగా ఉన్నా పోయిందని ప్రకటిస్తుంది. ఆ టిక్కు తీసేశాం. స్టూలు మీద పచ్చలైటు వెలిగింది. పెద్దాయన నిటారుగా కూర్చున్నారు.

కాగితం సగం దాకా లోపలికి లాక్కుని ప్రింటరు ఆగింది. చిన్న తెర మీద కొత్త కోరిక: లెటర్ సైజు కాగితం పెట్టండి. లెటర్ అంటే 216 మిల్లీమీటర్లు బై 279, అమెరికావాళ్ల కాగితం. నా దగ్గరున్నది 210 బై 297, భారతదేశమంతా వాడే ఏ4. డ్రైవరు సెట్టింగుల్లో లెటర్ అని ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. పెద్దాయన లేచి, వన్‌టౌన్లో తనకు తెలిసిన కాగితాల హోల్‌సేలు కొట్టుంది, కుర్రాణ్ని పంపి ఆ సైజు తెప్పిస్తానన్నారు. వద్దని బతిమాలి కూర్చోబెట్టాను. మా ఆవిడ మళ్లీ మజ్జిగ కలుపుతోంది. ఈ రెండో అంశం మీద ఫిర్యాదు విడిగా సమర్పించుకుంటాను, అదీ దీనిలాగే చేతిరాతలో.