బెజవాడేనా?

బెజవాడ దాకా టిక్కెట్టు కొని రాజమండ్రి వెళ్లొచ్చన్నది మా ఇంట్లో నేను ప్రచారంలో పెట్టిన సూత్రం. సంక్రాంతి ముందు సికింద్రాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు వెళ్లే రాత్రి బండ్లలో స్లీపర్ దొరకడం కల్ల. వెయిటింగ్ లిస్టు కొండవీటి చాంతాడంత ఉంటుంది. ఆన్‌లైన్‌లో తీసుకున్న టిక్కెట్టు చార్టు పడ్డాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయిపోతుంది, బండెక్కే హక్కు కూడా ఉండదు. అదే బండిలో బెజవాడ దాకా అని కొట్టి చూడండి, ఒక్కోసారి బెర్తు పలుకుతుంది. అక్కడ ఎక్కేవాళ్ల కోసం ఉంచిన బెర్తు అక్కడిదాకా ఖాళీగా వెళుతుంది మరి. ఈ 'అక్కడిదాకా' అన్న ముక్కే నా తలకెక్కలేదు. ముందు బండెక్కితే చాలు, తర్వాత పొడిగించుకోవచ్చులే అని మా బావమరిదికి కూడా పాఠం చెప్పాను.

పొడిగింపు ఉన్న మాట నిజమే. టిక్కెట్టు మీద రాసిన స్టేషన్ రాకముందే టీసీకి చెప్పి, మిగతా దూరానికి డబ్బు కడితే రసీదు ఇస్తారు. లాభసాటి బేరమేమీ కాదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది కదా, పొడిగించిన ముక్కకు ఆ తగ్గింపు రాదు, మళ్లీ మొదటి నుంచి లెక్క. బెర్తు ఉంటుందన్న హామీ కూడా లేదు. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియక చేసినవాడి మీద జాలైనా పడొచ్చు.

కాజీపేట రాకముందే టీసీ వచ్చాడు. నిద్ర కళ్లతో నా వైపు చూసి, "బెజవాడేనా?" అని అడిగాడు.

"అవునండి" అన్నాను.

అంతకన్నా అనువుగా ఏ ప్రశ్న అడుగుతారు? "కాదండీ, రాజమండ్రి దాకా పొడిగించాలి" అంటే సరిపోయేది. ఆయన వెనకాల ఆర్ఏసీ వాళ్లు మూగి ఉన్నారు, ఈ గొడవలో ఎందుకులే, కాస్త ఖాళీ అయ్యాక నేనే ఆయన సీటు దగ్గరికి వెళతాను అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. లోపల నడుస్తున్న లెక్క వేరు. బెజవాడ దాటేసరికి తెల్లవారుజాము అవుతుంది, ఆ వేళప్పుడు ఎవరొచ్చి అడుగుతారు? అడిగితే కడదాం, అడక్కపోతే మిగిలినట్టే. నెల తిరిగేసరికి జీతం పడే మనిషిని, దాదాపు 150 కిలోమీటర్ల స్లీపర్ ఛార్జీ మిగులుతుందని దుప్పటి ముసుగు పెట్టాను. ఖమ్మం ఎప్పుడొచ్చిందో తెలియదు.

"లెగండి బాబూ, ఇది మాది."

కళ్లు తెరిస్తే ఒక పెద్దావిడ. చంకలో నిద్రపోతున్న మనవడు, చేతిలో స్టీలు డబ్బా. బండి బెజవాడలో ఆగి ఉంది. లుంగీ సవరించుకుంటూ లేచి, "నేనూ రాజమండ్రేనండి" అన్నాను, అదేదో బెర్తు మీద హక్కు అయినట్టు.

"అలాగా, మరి మీ బెర్తేదీ?"

ఏం చెప్పను? పిల్లాణ్ణి పడుకోబెట్టి, వాడి కాళ్ల దగ్గర జానెడు చోటు చూపించింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఏలూరు ఇంకా రాలేదు, కొత్త టీసీ వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. ఫోన్‌లో నా టిక్కెట్టు చూసి, "మీ ప్రయాణం బెజవాడలో అయిపోయింది కదండీ" అన్నాడు. పొడిగిద్దామనే అనుకున్నానని చెప్పాను. "ఎవరికి చెప్పారు?" అన్నాడు. ఎదుటి బెర్తులో ముసుగులు కదిలాయి.

1989 నాటి రైల్వే చట్టంలో 138వ సెక్షన్ ఇలాంటివాళ్ల కోసమే. టిక్కెట్టున్న చోటు దాటి ప్రయాణం చేస్తే, ఆ దూరానికి ఛార్జీ, దానిమీద మళ్లీ అంత మొత్తం, లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. ఆ 250 ఒకప్పుడు యాభయ్యే, 2004లో పెంచారు. అదే చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. ముందే రైల్వే ఉద్యోగికి చెప్పి, అనుమతి తీసుకుని, ఆ ధ్రువపత్రం దగ్గర ఉంచుకున్నవాడి దగ్గర ఛార్జీయే తీసుకోవాలి, జరిమానా వేయకూడదు. కాజీపేటకు ముందు నన్ను అడిగిన మనిషి అలాంటి ఉద్యోగే. నోరు తెరిచాను కూడా. తెరిచి "అవునండి" అన్నాను.

కుర్రాడు పుస్తకంలో కార్బన్ కాగితం సర్దుకుని, బండి ఊపుకి అక్షరాలు వంకర్లు పోతుంటే ఆగి ఆగి రాస్తున్నాడు. ఈలోగా పెద్దావిడ నా తరఫున వకాల్తా పుచ్చుకుంది. "పోనీలే బాబూ, చూస్తే చదువుకున్నవాడిలాగే ఉన్నాడు, డబ్బుల్లేక చేసుంటాడు." జరిమానా కన్నా ఆ వాదన ఎక్కువ తగిలింది. డబ్బుల్లేక కాదమ్మా అంటే మరెందుకని అడుగుతుంది. ఊరుకున్నాను. నోట్లు తీసి లెక్కపెడుతుంటే ఆవిడ ముఖంలో ఆశ్చర్యం చూడాలి.

నిడదవోలు దగ్గర స్టీలు డబ్బా తీసి ఒక అరిసె నా చేతిలో పెట్టింది. "తిను నాయనా. స్టేషన్ నుంచి ఇంటికెళ్లడానికి ఏమన్నా ఉంచుకున్నావా?" టీసీ వచ్చిపోయాక 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నువ్వులు బాగా అద్దిన అరిసె. పూర్తిగా తిన్నాను.

రాజమండ్రిలో బావమరిది బండి వేసుకొచ్చాడు. "ఏం బావా, నీ సూత్రం పనిచేసిందా?" అన్నాడు. రసీదు చొక్కా జేబులో ఉంది. "పనిచేయకపోవడమేంట్రా" అన్నాను. వాడు ఉగాదికి తిరుపతి వెళ్లడానికి, పెళ్లాం పిల్లలతో సహా, గూడూరు దాకా టిక్కెట్లు తీశాడని మొన్న ఫోన్‌లో మా ఆవిడ చెప్పింది. ఇవాళ వాడికి ఫోన్ చేయాలి.