దశాంకధారిణి: ఒక నిక్సీ ట్యూబు ఆత్మకథ

నన్ను విద్యుద్దీపమని భ్రమించువారు పెక్కండ్రు గలరు. దీపమున తీగ కాలి వెలుగు నిచ్చును. నాయందు కాలునది యేదియు లేదు. గాలిని తోడివేసిన గాజుకోశమున అత్యల్పపీడనముతో నియాను వాయువును నింపి, పలుచని లోహపు రేకున తీర్చిన పది అంకెలను ఒకదానినొకటి తాకకుండ ఒకదాని వెనుక నొకటిగా నిలిపి, వాని ముందర చూపున కడ్డురాని సన్నని వలను ధనధ్రువముగా అమర్చినచో నా దేహము సిద్ధమైనట్లే. ఆ పదింటిలో ఏ అంకె ఋణధ్రువమగునో, సుమారు 170 వోల్టుల ప్రేరణచే ధనావేశము పొందిన నియాను కణములు దానిపైకే దూకును. అప్పుడు ప్రకాశించునది లోహము గాదు, లోహమును అంటిపెట్టుకొనియున్న వాయువు. కావుననే నా అంకె, గీతకు గీతగా, నారింజవన్నె కవచమును తొడిగికొన్నట్లు కనబడును.

మా వంశము 1955లో అమెరికాయందలి బరోస్ కంపెనీ మూలమున లోకమునకు పరిచితమైనది. 1961లో ఇంగ్లండున వెలువడి, పూర్తిగా ఎలక్ట్రానిక్ అయిన మేజా గణకయంత్రములలో మొదటిదిగా పేరొందిన అనిటాలో ఫలితములను ప్రకటించినవారును మావారే. నేను మాత్రము సోవియట్ దేశమున జన్మించితిని. నన్ను ఐఎన్-12 అందురు. నన్ను చేసినవారు మితవ్యయపరులు కాబోలు, 2 అను రేకునే వెనుకకు త్రిప్పి తలక్రిందులుగా నిలిపి 5 అనిపించిరి. నవ్వువారు నవ్వుదురు గాక, దానిని 5 గా చదువనివానిని నేనింతవరకు చూడలేదు. లోపల నా అంకెలు సంఖ్యాక్రమమున నుండవు. వెనుకనున్నదానిని ముందున్నది మరుగుపరుపకుండునట్లు కూర్పబడినవి. అందుచే లెక్క మారునప్పుడెల్ల అంకె యొకమారు ముందునకును, ఒకమారు లోనికిని జరిగినట్లు తోచును.

1962లో నిక్ హోలొన్యాక్ కంటికి కనబడు ఎఱ్ఱని కాంతి నిచ్చు డయోడును సాధించెను. 1970 దశకమున అట్టి డయోడులతో కూర్చిన ఏడు ఖండముల అంకెలు వచ్చి మా కొలువు లాగికొన్నవి. అల్పమైన వోల్టులతో తృప్తిపడి, బ్యాటరీతో జేబులో నిముడువానితో 170 వోల్టులు కోరు నేనెట్లు పోటీపడుదును? ఓటమి న్యాయమే. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. 8 లోని ఖండములను ఆర్పి తక్కిన అంకెలను పుట్టించు ఆ పద్ధతిలో, నడిమి ఖండమొక్కటి చెడినచో 8 కాస్తయు 0 అగును. చూచువానికి అనుమానమైనను కలుగదు. నా అంకె చెడిన మసకబారును, ముక్కలుగా వెలుగును, లేదా వెలుగనే వెలుగదు. వేరొక అంకెగా మాత్రము మారి బొంకదు. కొలత పరికరమున ఇది చిన్న గుణము గాదు.

నేడు ఒక అభిరుచిపరుని గడియారమున, గంటల పదులస్థానమున నున్నాను. అక్కడ నాకు 0, 1, 2 తప్ప వేరు పనిలేదు. వెలుగు అంకెపై కణములు తాకినప్పుడెల్ల లోహపు రేణువులు రాలి ప్రక్క అంకెలకు పట్టును. ప్రతి అంకెయు తరచుగా వెలుగుచున్నచో ఆ పొర తనంత తానే తొలగును, లేనిచో గట్టిపడి కాంతిని ఆపును. నాలో లేశమాత్రమున్న పాదరసము ఈ రాలుడును తగ్గించును గాని బొత్తిగా మాన్పజాలదు. అందుచే నా యజమాని, ప్రతిరాత్రి కొంతసేపు పది అంకెలును వరుసగా వెలుగునట్లు ఏర్పాటు చేసెను. 3 బాగుగా కోలుకొన్నది. 9 కి మాత్రము తోకవద్ద మచ్చ పోలేదు. ప్రవాహము కొంచెము హెచ్చించి చూచెదనని ఆయన యనుచున్నాడు.