జలాభేద్య వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: సర్వలోహగ్రాహి, సంపూర్ణ జలాభేద్యం, బహుళతరంగ సమన్వితం అయిన ఈ ప్రొఫెషనల్ లోహశోధిని సముద్రతీరానికీ లోతులేని నీటికీ తగినది, ఆరంభకులకూ నిపుణులకూ సమానం, వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగవలెను.

అవతారిక: లోహశోధిని అనగా నేలలోనో నీటిలోనో దాగిన లోహాన్ని చూడకుండానే పసిగట్టి కూతపెట్టే యంత్రం; లోకవ్యవహారంలో మెటల్ డిటెక్టర్. ఇటువంటి యంత్రాల అట్టపెట్టెల మీద కంపెనీ ఏదైనా, ధర ఎంతైనా, ఇంచుమించు ఈ వాక్యమే కనిపిస్తుంది గనుకా, దానికి కర్తనని ఎవరూ ముందుకు రారు గనుకా, దీనిని అపౌరుషేయంగా గ్రహించి వ్యాఖ్యానించడమే న్యాయం. వ్యాఖ్యానానికి ముందు దేశనిర్ణయం జరగాలి. మెట్టనేల మీద సత్యమైన వాక్యం ఉప్పునీట అసత్యం కావచ్చు. ఇక్కడ దేశం అండమాన్ నికోబార్ ద్వీపాలు. 2011 జనగణనలో ఈ ద్వీపవాసుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు కాబట్టీ, జంగ్లీఘాట్ రేవులో ఉత్తరాంధ్ర యాస నేటికీ వినిపిస్తుంది కాబట్టీ తెలుగు టీకకు అక్కడ అధికారం ఉన్నది. స్థలనామాలకు పాఠాంతరాలు కలవు: పోర్టు బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం, హేవ్‌లాక్ 2018 చివరి నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. పటాల్లో ఒక పాఠం, నోళ్ళలో ఇంకొక పాఠం నడుస్తున్నందున రెండూ గ్రాహ్యమే.

మెదక్ సీమలోని కొల్చారంతో ముడిపడిన ఇంటిపేరు గల కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిదాన్నీ పాఠకుడికి అక్కరలేనిదాన్నీ రాయనని ప్రతిజ్ఞ చేసి కావ్యాలకు టీకలు రచించాడు. ప్రస్తుత టీక మొదటి నియమాన్ని సగం, రెండో నియమాన్ని పూర్తిగా తప్పుతుంది. ఆయన కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు ‘ఘంటాపథం’ అని పేరు, అనగా రాజమార్గం. బాట పొడవునా కూత తప్ప మరేమీ వినిపించని యంత్రం మీద రాసిన దీనికి ‘కీచుపథం’ అనే పేరు చాలు.

ప్రతిపదార్థం: సముద్రతీరానికీ, తగినది మొదలైన పదాలు సుగమాలు గనుక విడిచిపెట్టడమైనది. ‘ప్రొఫెషనల్’ అన్నది శ్లోకాల్లోని చ, వై, తు, హి వంటిది. పాదపూరణకే గాని దానికి అర్థం లేదు.

జలాభేద్యం: జల, అభేద్యం అని విడదీస్తే ‘నీటిచేత భేదింప శక్యం కానిది’ అని తృతీయా తత్పురుషం. అయితే సవర్ణదీర్ఘసంధి ఉదారమైనది. తన కడుపులో హ్రస్వం దాచుకున్నదో దీర్ఘం దాచుకున్నదో అది బయటికి చెప్పదు. జల, ఆభేద్యం అని విడదీసినా వ్యాకరణం అడ్డుచెప్పదు. ఆఙ్ అనే ఉపసర్గకు ‘ఈషత్’, అంటే కొంచెం, అనే అర్థం ఉన్నది. ఆతామ్రం అంటే కొద్దిగా ఎర్రనిదైనట్టే, జలాభేద్యం అంటే నీరు కొద్దికొద్దిగా చొరబడేది. ‘సంపూర్ణ’ విశేషణం ఈ అర్థానికి ఎట్లా కుదురుతుందని శంక. సంపూర్ణంగానే కొద్దికొద్దిగా చొరబడుతుందని సమాధానం. వారంటీ కాగితాన్ని చివరి పంక్తిదాకా, ‘నీరు చేరినందువల్ల కలిగిన నష్టానికి వర్తించదు’ అనేచోటిదాకా, చదివినవారికి రెండో పదవిభాగమే కర్తృహృదయమని స్ఫురిస్తుంది.

అట్ట మూలన చిన్న అక్షరాలతో ఐపీ 67 అనో ఐపీ 68 అనో కనిపించేది బీజాక్షరం వంటిది. జపించేవారు అనేకులు, అర్థం తెలిసినవారు కొద్దిమంది. మొదటి అంకె ధూళిని గురించినది, రెండోది నీటిని గురించినది. రెండో చోట 7 ఉంటే మీటరు లోతులో అరగంట మునిగినా హాని చేసేటంత నీరు లోపలికి చేరదని అర్థం. 8 ఉంటే అంతకన్న కఠినమైన స్థితికి తట్టుకుంటుందని అర్థం, ఆ స్థితి ఏమిటో మాత్రం తయారుచేసినవాడు చెప్పాలి. కనుక 8కి అర్థం నిఘంటువులో లేదు, అమ్మేవాడి నోట ఉన్నది. ఈ పరీక్ష జరిగేది మంచినీటిలో. లోతును స్పష్టంగా అంకె వేసి చెప్పిన తయారీదారులు లేకపోలేదు: 2018లో వచ్చిన మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800కు మూడు మీటర్లు, గారెట్ సీ హంటర్ మార్క్ 2కు 200 అడుగులు. నడుములోతు నీటిలో నడిచేవాడికి మొదటిది చాలు. గాలి సిలిండరు కట్టుకుని మునిగేవాడికి రెండో తరహాది కావాలి. యంత్రపు కూతను చెవికి చేర్చే బ్లూటూత్ హెడ్‌ఫోనుకు తల నీటి పైన ఉన్నంతసేపే నోరు లేస్తుంది, ఆ తరంగం ఉప్పునీటిలో కొద్ది అంగుళాలకే చస్తుంది. కొనేవాడు అడిగేది ఒక్కటే: ఎన్ని అడుగులు? దానికి ఒక్క అంకె జవాబు చెబితే సరిపోయే చోట విశేషణాలు వరసపెట్టి పోయడమెందుకు? సంధి విడదీసే ఈ శ్రమ అంతా ఆ చెప్పని అంకె వల్ల వచ్చినదే.

బహుళతరంగ సమన్వితం: యంత్రం అడుగున పళ్ళెంలా ఉండే తీగచుట్టను కాయిల్ అంటారు. అందులో ఒక చుట్ట మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దారిలో లోహం తగిలితే దానిలో విద్యుత్తు సుడులు తిరుగుతుంది. ఆ సుడుల బలహీనమైన బదులును రెండో చుట్ట వింటుంది. పంపినదానికీ విన్నదానికీ మధ్య ఏర్పడే తేడాను బట్టి తగిలినది ఇనుమో రాగియో ఊహించడాన్ని డిస్క్రిమినేషన్ అంటారు. వివేకమని తెలుగు చేయవచ్చు. చిక్కు ఏమిటంటే లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు గల సముద్రపు నీరు కూడా విద్యుత్తును మోస్తుంది. ఒకే తరంగంతో, అనగా ఒకే ఫ్రీక్వెన్సీతో, పనిచేసే యంత్రం పొడి ఇసుక మీద పండితుడిలా నడిచి, అల తడిపిన అంచు చేరగానే పూనకం వచ్చినట్టు కూస్తుంది. దాన్ని శాంతింపజేయడానికి సెన్సిటివిటీ తగ్గిస్తే ఉప్పుతో పాటు ఉంగరమూ దానికి వినపడదు.

దీనికి విరుగుడుగా ‘బహుళతరంగం’ వచ్చింది, దానితో పాటు సమాసపు మోసమూ వచ్చింది. ‘బహుళమైన తరంగాలు కలది’ అని బహువ్రీహి చెప్పినప్పుడు, ఆ తరంగాలన్నిటినీ ఏకకాలంలో పంపి బదుళ్ళను పోల్చి ఉప్పు వాటాను తీసివేసే యంత్రానికి అది వర్తిస్తుంది. నాలుగు తరంగాల్లో ఒకటి ఎంచుకోమని, ఒకసారికి ఒకటే పంపే యంత్రానికీ అంతే చక్కగా వర్తిస్తుంది. వంటింట్లో నలుగురు వంటవాళ్ళు ఒకేసారి పనిచేయడానికీ, నలుగురు ఉండి ఎవరో ఒకరే పొయ్యి దగ్గరకు రావడానికీ ఉన్నంత తేడా ఇది. తడి ఇసుక మీద పనికివచ్చేది మొదటిదే. ఈ తేడాను అట్ట చెప్పదు, చెప్పవలసిన సమీక్షకుడు ‘అవసరాన్ని బట్టి’ అని తప్పుకుంటాడు.

మూలంలో లేని మూడో దర్శనం పల్స్ ఇండక్షన్. అది బలమైన విద్యుత్ స్పందనను క్షణకాలం పంపి, చటుక్కున ఆపి, ఆ తరువాతి నిశ్శబ్దంలో వింటుంది. ఉప్పునీటి సుడులు లోహపు సుడులకన్న ముందే అణగిపోతాయి గనుక కొద్దిగా ఆగి వినే ఈ యంత్రానికి సముద్రం దాదాపు లేనట్టే. భీమిలి, శ్రీకాకుళం తీరాల నల్ల ఇసుకలో ఇల్మనైటు, మాగ్నెటైటు కలిసి ఉండటం వల్ల తక్కిన యంత్రాలు తికమకపడేచోట కూడా ఇదే నిలకడగా ఉంటుంది; అండమాన్ పవడపు తెల్ల ఇసుకలో ఆ బాధ తక్కువ. దీని లోపం వివేకశూన్యత. మేకుకూ మంగళసూత్రానికీ ఒకే కూత. సమదర్శనం యోగికి గుణమే గాని, ప్రతి కూతకూ వంగి తవ్వేవాడికి నడుము నొప్పి.

సర్వలోహగ్రాహి: ఇక్కడ వ్యాఖ్యాత బాట తప్పుతున్నాడు, పాఠకులు మన్నించాలి. యంత్రం పసిగడుతుందే గాని గ్రహించదు. గ్రహించేవాడు, అంటే జేబులో వేసుకునేవాడు, మనిషి. గ్రహించే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు తెలుగుదేశపు దానశాసనాలూ క్రయపత్రాలూ శతాబ్దాల కిందటే ఒక పట్టిక సిద్ధం చేసి ఉంచాయి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో సహా నేలను ఇస్తున్నామని రాయడం వాడుక: అంటే పాతిన సొత్తు, దాచిన సొత్తు, నీరు, రాయి, తరగకుండా వచ్చే ఫలం, ముందు రాబోయేది, ఇప్పటికే ఉన్నది, సాధించుకోగలిగినది. ఎకరా అమ్మినా పాతాళం దాకా అమ్మినట్టే రాసుకునే ఆ కరణాల దూరదృష్టికి నమస్కరించక తప్పదు. నేటి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో సైతం ఈ వరస అక్కడక్కడా అర్థం తెలియకుండానే బతుకుతున్నది.

ఈ ఎనిమిదింటినీ స్వరాజ్ ద్వీప్ రాధానగర్ ఇసుక మీద పరిచి చూస్తే జలం సముద్రుడిది. పాషాణం విచిత్రమైనది: ఒడ్డున రాయిలా పడి ఉన్న పవడం చట్టం దృష్టిలో రాయి కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు, దాన్ని సంచిలో వేసుకున్నవాడికి విమానాశ్రయంలో ఈ శాస్త్రచర్చ ఉచితంగా జరుగుతుంది. ఆగామి అంటే తాబేలు గుడ్లు. దిగ్లిపూర్ దగ్గరి కాలీపూర్ వంటి తీరాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి గనుక అక్కడ పార పట్టుకున్నవాడు ఏ లోహానికీ అర్హుడు కాడు. నిధి సంగతి 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది: మట్టిలో దాగిన విలువగల వస్తువు పది రూపాయలు మించితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి, లేకుంటే శిక్ష. పది రూపాయలకు అదే ఒడ్డున కొబ్బరిబొండం రాదు. హద్దు మాత్రం విక్టోరియా రాణి కాలంలోనే ఆగి ఉన్నది.

అసలు రుచి నిక్షేపంలో ఉన్నది. తెలుగువాడు నిధినిక్షేపాలని ఒకే ఊపిరిలో అంటాడు గాని ధర్మశాస్త్రం రెంటినీ వేరు చేసింది. నిక్షేపం అంటే ఒకరు నమ్మి మరొకరి దగ్గర ఉంచిన సొత్తు. పద్దెనిమిది వ్యవహారపదాల్లో అది ఒకటి. పదమూడో శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయంతో మితాక్షరను తెలుగు చేసినది ఇటువంటి తేడాలు తెలుగువారికి తెలియడానికే. మనిషి నిక్షేపంలా ఉన్నాడనీ, నిక్షేపంగా వెళ్ళమనీ అనే నుడికారంలో కూడా చెక్కుచెదరకుండా తిరిగి రావడమనే ధ్వని ఉన్నది. నిన్న ఈతకు దిగిన కొత్త పెళ్ళికొడుకు వేలి నుంచి జారిన ఉంగరం నిధి కాదు. సముద్రం అడగకుండా పుచ్చుకున్న నిక్షేపం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను కూడా ఇదే మాట అంటుంది: దొరికిన వస్తువును చేతికి తీసుకున్నవాడికి అప్పగింత పుచ్చుకున్నవాడి బాధ్యతే ఉంటుంది. మనువూ మెకాలే వారసులూ ఒకే మాట మీద నిలబడటం అరుదైన సన్నివేశం.

పూర్వం ఈ పనికి పాతాళాంజనం ఉండేదని నమ్మేవారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడి కంటికి ఆ కాటుక పెడితే నేలలోని లంకెబిందెలు కనిపిస్తాయట. ఆ మోసంలో కూడా ఒక నిజాయితీ ఉన్నది: అందరికీ పనిచేయదని ముందే చెప్పేవారు. ‘ఆరంభకులకూ నిపుణులకూ సమానం’ అనే ధైర్యం అంజనంవాళ్ళకు లేకపోయింది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ అంతటివాడు 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు ఒంట్లోని తూటాను ఇటువంటి యంత్రంతోనే వెతికి విఫలుడయ్యాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అడ్డువచ్చాయని చెబుతారు.

ప్రకృతం: ఉక్కు స్ప్రింగుల ప్రస్తావన టీకను తిరిగి తీరానికి చేర్చింది. ‘లోతులేని నీరు’ అన్న మాటకు అండమాన్‌లో అర్థం వేరు. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. పోర్టు బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో వరి పండిన మడులు ఉప్పునీటి కిందికి పోయాయి. అటువంటిచోట మోకాలిలోతు నీటిలో యంత్రం కూసిందంటే కింద ఉన్నది సముద్రపు నిధి కాకపోవచ్చు, ఎవరి ఇంటి పైకప్పు రేకో, తలుపు గడియో, మేకో కావచ్చు. తీరం పొడవునా 1942 నుంచి 1945 దాకా ఏలిన జపాను సైన్యపు బంకర్లున్నాయి. వాటి పక్కన బరువైన ఇనుము తగిలితే దాన్ని తవ్వడం శోధన కాదు, పోలీసులకు చెప్పవలసిన సంగతి. ఇవేవీ విహారయాత్రికులకు యంత్రాన్ని అమ్మేవాడి మాటల్లో లేవు. ఊళ్ళు మునిగిన చోటును గుప్తనిధుల స్వర్గమని అమ్మేవాడి పాండిత్యానికి వ్యాకరణంతో బదులు చెప్పడం కుదరదు.

ఫలశ్రుతి: రేవుల దగ్గర తెలుగు వలకారుల సీసపు గుండ్లు, సీసాల బిరడాలు, డబ్బా మూతల అల్యూమినియం చెవులు లెక్కలేనన్ని దొరుకుతాయి. సీసానికీ అల్యూమినియానికీ ఇనుముతో పోలిక లేదు గనుక వివేకం గల యంత్రం కూడా వాటిని గౌరవంగా పిలుస్తుంది; డబ్బా చెవికీ బంగారు ఉంగరానికీ వచ్చే సంఖ్య తరచుగా ఒకటే, చెవులు వద్దని కొట్టివేసినవాడు ఉంగరాన్నీ కొట్టివేసినట్టే. సన్నని గొలుసు ఏ యంత్రానికైనా కష్టమే. అందువల్ల తడి ఇసుకకూ నడుములోతు నీటికీ ఏకకాల బహుళతరంగ యంత్రం, మేకులు తక్కువగా ఉండి లోతు కావలసినచోట పల్స్ యంత్రం, వాటితో పాటు గారెలు తీసే చిల్లుల గరిటెకు పెద్దన్న వంటి ఇసుక గరిటె కొనడం యుక్తం. కొనేముందు అమ్మేవాడిని అలల అంచుకు తీసుకుపోయి, యంత్రాన్ని తడి ఇసుక మీద అయిదు నిమిషాలు ఊపించాలి. రానన్నవాడి దగ్గర కొనరాదు.

మంచినీటితో కడగవలెను: ఈ విధి నిజంగా పాటించవలసినదే, ఉప్పు ఆరితే కాయిల్ కడ్డీ బిగుసుకుపోతుంది. పోర్టు బ్లెయిరుకు మంచినీరు ప్రధానంగా ధనిఖారి జలాశయం నుంచి వస్తుంది. వేసవి ముదిరితే ఆ కుళాయిలు రోజూ రావు.