చెదపురాణం: సి బ్లాకు కాండ

కావ్యారంభంలో ఇష్టదేవతాస్తుతి ఆచారం కనుక ముందుగా విఘ్నేశ్వరుడికి దండం. ఆయన వాహనాన్ని పట్టడానికి మన బేస్‌మెంటులో జిగురు అట్టలు పరిచిన సంగతి ఆయన చెవిన పడకూడదని రెండో దండం. చెవులు పెద్దవి కనుక ఆశ తక్కువే. ఆ తర్వాత ఆదికవికి. మహానుభావుడు పుట్టలోంచి లేచి రామాయణం చెప్పాడు. ఆ పుట్ట కట్టిన కూలీల వంశస్థులే ఈ కావ్యంలో ప్రతినాయకులు. పాత రుణం గుర్తొచ్చి వాళ్ల పక్షం చేరకపోతే అదే పదివేలు. ఇక కుకవినింద. ‘వేపనూనె రాయండి, చెదలు పారిపోతాయి, పది మందికీ పంపండి’ అని తెల్లారకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేవారిని యథావిధిగా నిందించి కథలోకి దిగుతున్నాను.

పురవర్ణన

హైదరాబాదుకు పడమట, ఔటర్ రింగు రోడ్డుకు అవతల, మబ్బుల్ని ఒరుసుకునే బ్లాకులతో ఒక పురం వెలసింది. ప్రాకారం మీద కరెంటు తీగ. సింహద్వారాన బూమ్ బారియరు. ద్వారపాలకుల చేతుల్లో ఖడ్గాలకు బదులు యాప్ ఉన్న ఫోన్లు. కొరియరు కుర్రాడు ఓటీపీ చెప్పాలి. ఆవకాయ జాడీ మోసుకొచ్చిన కన్నతల్లయినా సరే, కొడుకు ఫోనులో ‘అప్రూవ్’ నొక్కేదాకా ఎండలో నిలబడాల్సిందే. అంతటి దుర్భేద్యమైన కోటలోకి ఏ రిజిస్టరులోనూ సంతకం పెట్టకుండా లక్షల సైన్యం ప్రవేశించింది.

ప్రవేశించింది అనడం కూడా అన్యాయమే, వాళ్లు అక్కడివాళ్లే. ఒకప్పుడు ఆ నేలంతా ఎర్రమట్టి చెలక. గట్ల మీద పుట్టలు. నాగుల చవితినాడు ఊరి ఆడవాళ్లు వచ్చి పాలు పోసి, పుట్టమన్ను చెవులకు పెట్టుకుని పోయేవారు. బిల్డరు పొక్లెయిను దింపి పుట్టలన్నీ చదును చేశాడు. పోయింది గోపురమే, గర్భగుడి నేల లోపల పదిలంగా ఉంది. పైపెచ్చు సెంట్రింగు చెక్కముక్కల్ని పునాదుల పక్కనే వేసి మట్టి కప్పేసి, పోతూ పోతూ శత్రువుకు ధాన్యాగారం కూడా కట్టిచ్చాడు.

శత్రువర్ణన

తెల్లచీమలని పిలుస్తాం గానీ వీళ్లకు చీమలతో చుట్టరికం లేదు, జన్మవైరం ఉంది. వంశవృక్షం తిరగేస్తే వీళ్లు బొద్దింకల దాయాదులని తేలుతుంది. అన్నదమ్ముల్లో ఒక శాఖ వంటింటి సింకు కింద, మరో శాఖ పడకగది వార్డ్‌రోబు వెనక కాపురం పెట్టాయన్నమాట.

పుట్టలు కట్టే ఒడొంటోటెర్మిస్ గోత్రీకుల వైభవం చూడండి. అంతఃపురంలో మనిషి వేలంత రాణి. రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అదీ ఏళ్ల తరబడి. కదలలేదు, కదలాల్సిన పనీ లేదు. పక్కనే రాజు. తేనెటీగల కొలువులో మగవాడు రాణిని కలవడంతోనే కాలం చేస్తాడు. ఇక్కడ మాత్రం దాంపత్యం కడదాకా. సైనికులు మహావీరులు. దవడలు కోరలై ఎంత పెరిగాయంటే వాటితో తిండి తినడం కుదరదు. కార్మికులు నోట్లో పెడితే తప్ప ఆ వీరుడికి పూట గడవదు. ఆ కార్మికులేమో పుట్టుగుడ్డివాళ్లు. బియ్యపు గింజంతైనా ఉండరు. ఎండా గాలీ సోకితే ఎండిపోయే సుకుమారులు కనుక మట్టీ ఉమ్మీ పెంటా కలిపి పెన్సిలంత లావు గొట్టం కట్టుకుని, రాజకుమార్తెల్లా పరదాచాటునే గోడెక్కుతారు.

ఇక సేద్యం. నమిలి మింగిన చెక్కను పుట్టలో మడి కట్టినట్టు పేర్చి, దాని మీద బూజు పండించి, ఆ పంట ఆరగిస్తారు. వానలకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ సాగులోవే. అంటే, బ్యాంకు లోను తీసుకుని మీరు చేయించుకున్న మాడ్యులర్ కిచెను వాళ్ల లెక్కలో ఎరువు.

దిగ్విజయాలకూ లోటు లేదు. 2011లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో ఒక బ్యాంకు శాఖలో దూరి కోటి రూపాయల దాకా నోట్లు స్వాహా చేశారు. డబ్బు తినడం అనే మాటకు నిఘంటువు అర్థం నిలబెట్టినవాళ్లు లోకంలో వీళ్లొక్కరే.

ముట్టడి

తొలకరి పడిన సాయంత్రం సి బ్లాకు కారిడారు దీపాల చుట్టూ ఉసిళ్లు లేచాయి. అది శత్రురాజ్యపు స్వయంవరం. తెల్లారేసరికి కిటికీ గట్టు నిండా రాలిన రెక్కలు. హౌస్‌కీపింగ్ ఆమె ఊడ్చి చెత్తబుట్టలో పోసింది. రాయబారం అలా ముగిసింది.

కొన్నాళ్లకు గ్రౌండ్ ఫ్లోరు ఇల్లాలు దుప్పటి తీద్దామని వార్డ్‌రోబు తలుపు లాగింది. పిడి చేతిలోకి వచ్చింది, తలుపు మాత్రం రాలేదు. పైన సన్‌మైకా నిగనిగలాడుతోంది. వేలితో తడితే డొల్ల శబ్దం. ఇంకాస్త నొక్కితే వేలు లోపలికే దిగింది. లోపల ప్లైవుడ్డు లేదు, ప్లైవుడ్డు ఆకారంలో మట్టి ఉంది. పెళ్లి ఆల్బమ్‌లో వధూవరులు భద్రంగా ఉన్నారు గానీ వాళ్ల వెనక నిలబడిన బంధుజనమంతా మాయమైపోయింది. గుమ్మం అడుగున, స్కర్టింగు అంచు వెంట మట్టిగొట్టం ఒకటి పైకి పాకుతోంది. ఆమె చీపురుపుల్లతో దాన్ని తెంపింది. మర్నాడు పొద్దున్నకల్లా అతుకు పడి ఉంది. శత్రువు బతికే ఉన్నాడని చెప్పడానికి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

మంత్రాలోచన

మందు కొట్టించే ఖర్చు తేల్చడానికి క్లబ్ హౌసులో సభ తీరింది. ప్రెసిడెంటు గారు నడిమి కుర్చీలో, కుడివైపు సెక్రటరీ, ఎడమవైపు కార్పస్ ఫండును గుండెలకు హత్తుకుని ట్రెజరరు. 

“మాది పద్నాలుగో అంతస్తండీ. చెదలు లిఫ్టు ఎక్కి రావు కదా, మేమెందుకు కట్టాలి?” అన్నారు ఒకరు. లిఫ్టు అక్కర్లేదనీ, వైర్ల గొట్టాలూ పైపుల డక్టులూ చాలనీ ఫెసిలిటీ మేనేజరు విన్నవించుకున్నాడు. ఎవరూ వినలేదు.

“అసలు ఆ చెదలు పుట్టింది ఫ్లాటులోనా, కామన్ ఏరియాలోనా? ముందది తేల్చండి సార్” అన్నారు సెక్రటరీ. బైలా పుస్తకం తెరిచారు. చర్చ రాత్రి దాకా నడిచింది. అవతల శత్రుశిబిరంలో కోరం సమస్య లేదు, మినిట్స్ రాసేవాడు లేడు, కొటేషన్లు మూడు కావాలన్నవాడు లేడు. ఈ సభ ముగిసేలోగా వాళ్లు అదే హాల్లో టేబుల్ టెన్నిస్ బల్ల కాళ్లు మొదలుపెట్టారు.

యుద్ధం

ఎట్టకేలకు నీలం యూనిఫారాల వీరులు డ్రిల్లు మిషన్లతో దిగారు. వాళ్ల యుద్ధనీతి ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం, మూడో భాగం. గోడా నేలా కలిసేచోట సుమారు 300 మిల్లీమీటర్ల ఎడంతో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, రంధ్రానికి లీటరు వరకు మందు, ఆపైన సిమెంటుతో సీలు. ఆల్డ్రిన్, క్లోర్డేన్ లాంటి పాత బ్రహ్మాస్త్రాలు నిషేధంలో ఉన్నాయి. ఇప్పటి అస్త్రాల్లో ఇమిడాక్లోప్రిడ్ ఒకటి. దానికి ఘాటు లేదు. శత్రువు పసిగట్టలేక అందులోంచే నడిచిపోతాడు, ఒంటికి అంటించుకుని కొలువుకు పోతాడు, ఒకరినొకరు నాకి శుభ్రం చేసుకునే ఆచారం కొద్దీ తోటివారికీ పంచుతాడు. జనానికి మాత్రం అదే అనుమానం. “వాసనే లేదు, వట్టి నీళ్లు పోసిపోయారు” అని గ్రూపులో రాత్రంతా రభస.

ఇంతలో గ్రౌండ్ ఫ్లోరులోనే మరో ఇంటి తలుపు తెరుచుకోలేదు. “ఇటాలియన్ మార్బులండీ. కన్నాలు పెట్టడానికి వీల్లేదు” అని లోపలినుంచి గర్జన. బలగం వెనుదిరిగింది. బ్లాకు చుట్టూ గీసిన మందుగీతకు అక్కడ ఒక వాకిలి మిగిలింది. ఆ ఇంటి బాల్కనీలో ఏసీ నీళ్లు గోడ మీదుగా కారి నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అటు మందు లేదు, ఇటు నీటి వసతి ఉంది. మిగిలిన సేన విడిది అక్కడికి మారింది. మార్బులు చెక్కుచెదరలేదు. ద్వారబంధాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

వంటింట్లో బొద్దింకలతో సాగిన ఉపయుద్ధం గురించి ఒక్క మాట. మందు కొట్టే కుర్రాడు అల్మారా తలుపుల మడతబందుల దగ్గర కష్టపడి జెల్ చుక్కలు పెట్టి వెళ్లాడు. ఇంటాయన ఉత్సాహం ఆపుకోలేక వాటి మీద స్ప్రే కొట్టాడు. బొద్దింకలు ఆ ఘాటుకు జెల్ జోలికి పోలేదు. సొంత కోట బురుజును తానే కూల్చుకోవడమంటే అదే.

ఫలశ్రుతి

ఈ పురాణం విన్నవారికి పుత్రపౌత్రాభివృద్ధి కలుగుతుందో లేదో గానీ, పాటిస్తే ద్వారబంధాలు నిలుస్తాయి. ఫ్లాటు ఫ్లాటుకీ విడిగా కాకుండా బ్లాకు మొత్తానికీ ఒకేసారి మందు కొట్టించండి. వచ్చిన సంస్థకు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద లైసెన్సు ఉందో లేదో చూడండి. మందు డబ్బా సీలు మీ కళ్లముందే తీయించి, లేబులు మీద చెప్పిన పాళ్లలోనే కలిపించండి. లేబులు మీది త్రికోణం ఎరుపైతే అది అన్నిటికన్నా ఘోరమైన విషం. పసుపు, నీలం, ఆకుపచ్చ వరసగా దానికి తక్కువ. నేల ఆరేదాకా పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దూరంగా ఉంచండి. చెదలు మళ్లీ వస్తే ఉచితంగా మందు కొడతారా, ఎన్నేళ్లు కొడతారు అన్నది కాగితం మీద రాయించుకోండి. కారే పైపులు బాగు చేయించండి, గోడకు ఆనించి మట్టి, చెక్కసామాను పోగు పెట్టకండి.

ఇక పద్నాలుగో అంతస్తు వారికీ, ఇటాలియన్ మార్బులు వారికీ వేరే విన్నపం. చెదలు ఫ్లాటు నంబర్లు చదవలేవు, వాటికి కళ్లు లేవు. మీకు ఉన్నాయి కనుక వచ్చే జనరల్ బాడీకి వచ్చి చెయ్యెత్తండి.