ఆటగాళ్లను రిటైర్ చేసే మా బావ

ఎవరైనా పెద్ద ఆటగాడు ఇక ఆడనని చెప్పిన రోజు మా బావకు చేతినిండా పని. ఆ మనిషి ఆడినన్నాళ్లూ బావ ఆ ఆట చూసి ఉండకపోవచ్చు. అదేం అడ్డు కాదు. "ఆడేటప్పుడు అందరు చూస్తరు. దిగిపోయినంక తూకమేసేటోడు ఒక్కడన్న ఉండాలె గద" అంటాడు. ఆ కాటా ఆయన చేతిలో ఎవరు పెట్టారో మాకెవరికీ తెలీదు. క్రికెటర్లనైతే టోకున తూస్తాడు. హాకీ వాళ్లు అరుదుగా దొరుకుతారు కాబట్టి దొరికితే ఒక పట్టాన వదలడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. మావాడు సూరత్‌లో ఉండడం వల్ల గొంతు కాస్త పెద్దది, అంతే తేడా.

గొంతుకు కారణం ఉంది. మేముండేది లింబాయత్. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చిన మనవాళ్లు ఇక్కడ గల్లీలకు గల్లీలే ఉన్నారు. కార్పొరేషన్ వాళ్లు తెలుగు మీడియం బడులు నడుపుతున్నారంటే ఎంతమందిమి ఉంటామో మీరే లెక్కేసుకోండి. బావ ఒక సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, మాస్టరు. పవర్‌లూములు వరసగా టకటకమంటుంటే పక్కవాడి మాట కాదు, మన మాట మనకే వినపడదు. అందుకని అక్కడ అంతా సైగలే. పోగు తెగితే ఒక సైగ, బీము అయిపోతే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే మరో సైగ. సైగకు అందనిదేదైనా ఉంటే అరుపే. ఆ అరుపు ఇంటికి కూడా వస్తుంది. బావ గుసగుసగా చెప్పిన రహస్యం అవతలి గల్లీలో కిరాణా కొట్టువాడికి కూడా తెలుసు.

హాకీ మ్యాచ్ ఉన్నప్పుడు ఆ సైగలూ ఆ అరుపులూ మా ఇంటికి తరలి వస్తాయి. బావ వాళ్ల టీవీలో బంతి కనపడదట. మా టీవీలో కనపడుతుందట. రిమోట్ మాత్రం ఆయన చేతిలోనే ఉండాలి. పెనాల్టీ కార్నర్ పడగానే బీము అయిపోయిన సైగ చేస్తాడు. ఎందుకని మేం అడగడం మానేశాం. గోల్ పడితే "ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!" అని లేస్తాడు. హాకీలో ఆఫ్‌సైడ్ తీసేసి పాతికేళ్లు దాటిందని మా అబ్బాయి చెప్పబోయాడు. "తీసేస్తే తీసేసిండ్రు, తప్పు తప్పు కాకపోతదా?" అన్నాడు. ఓడిపోతే మాత్రం నేరం ఎప్పుడూ పచ్చికదే. 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్స్ హాకీకి నకిలీ పచ్చిక పరిచారు కదా, అప్పటి నుంచి మన జట్టు ఓడిన మ్యాచ్ ప్రతిదీ ఆ ఖాతాలో రాసేశాడు. 1980లో మాస్కోలో అదే నకిలీ పచ్చిక మీద బంగారం తెచ్చుకున్నాం కదా అంటే వినిపించుకోడు. చెవులు సాంచాలకు పోయాయి కాబట్టి వినిపించలేదనే అనుకోవాలి.

ఇక అసలు సంగతి. 2024 ఆగస్టు 8న పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌తో కంచు పతకం మ్యాచ్. మనకు సాయంత్రం ఐదున్నరకు మొదలు. మన గోల్‌కీపర్ శ్రీజేష్‌కు అదే ఆఖరు మ్యాచ్ అని ముందే తెలుసు కాబట్టి బావ నాలుగింటికే వచ్చి కాటా సర్దుకుని కూర్చున్నాడు. హర్మన్‌ప్రీత్ రెండు గోల్స్ కొట్టాడు. మనం 2-1తో ముందున్నాం. స్పెయిన్ వాళ్లు ఆఖరి నిమిషాల్లో మీదమీదకు వస్తున్నారు. సరిగ్గా అప్పుడు బావ లేచి చెప్పులు వేసుకుని గల్లీలోకి వెళ్లిపోయాడు.

ఇది ఆయన పద్ధతి. తను చూస్తే గోల్ పడుతుందని గట్టి నమ్మకం. అందుకని గండం వచ్చినప్పుడల్లా బయటికి పోతాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్ పతకం మ్యాచ్ 5-4 మీద ఉండగా, ఇంకో ఆరు సెకన్లు ఉన్నాయనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. నలభై ఒక్క ఏళ్ల తర్వాత రావాల్సిన పతకం ఆ ఒక్క బంతి దగ్గర ఆగింది. శ్రీజేష్ ఆపాడు. దేశమంతా చూసింది. బావ వీధి కుళాయి దగ్గర గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. పారిస్ క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు ఇచ్చి పంపేస్తే మనవాళ్లు పదిమందే నలభై నిమిషాల పైచిలుకు బ్రిటన్‌ను నిలవరించి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆదివారం, సెలవు, మధ్యాహ్నం భోజనం కూడా మా ఇంట్లోనే. షూటౌట్ అనగానే పెరుగన్నం కంచంతో సహా బయటికి నడిచాడు. 2014లో ఇంచియాన్‌లో పాకిస్తాన్ మీద ఏషియాడ్ ఫైనల్ నాడు డ్యూటీలో ఉన్నాడు. వెరసి శ్రీజేష్ 336 అంతర్జాతీయ మ్యాచుల్లో ఆపిన పెద్ద గోల్స్‌లో బావ కళ్లారా చూసింది ఒక్కటీ లేదు. కానీ ఒక్కొక్కటీ ఎలా ఆపాడో, ఎడమకాలు ఎక్కడ పెట్టాడో, ఇంకా ఎంత బాగా ఆపొచ్చో గంటసేపు చెప్పగలడు. ఆపిన ఘనతలో సగం తనదేనని లోలోపల లెక్క కూడా ఉంది.

తెల్లారి టీకొట్టు దగ్గర అసలు మ్యాచ్. ఇక్కడి సాంచాల మీద గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒడియా కారీగర్లు ఎక్కువ. హాకీ విషయంలో వాళ్లముందు నోరెత్తాలంటే దమ్ముండాలి. భారత జట్ల జెర్సీ మీద ఉండేది వాళ్ల రాష్ట్రం పేరే, ప్రపంచ కప్పులు జరిగింది భువనేశ్వర్‌లో, రూర్కెలాలో. బావ చేతికింద పనిచేసే ఒక కారీగర్ టీ గ్లాసు బల్లమీద పెట్టి, శ్రీజేష్ మంచివాడే కానీ తమ ఒడిశా దిలీప్ తిర్కీ ఆడిన మ్యాచులు 412 అన్నాడు. అంతే.

"మ్యాచుల లెక్కెందుకు? నాలుగు ఒలింపిక్స్ ఆడిండు ధన్‌రాజ్ పిళ్లై. ఒక్క పతకమన్న వచ్చిందా? రాకపోతే గొప్పోడు కాదా?" అన్నాడు బావ. సరే ధన్‌రాజే గొప్ప అని ఆ కారీగర్ ఒప్పుకున్నాడు. వెంటనే బావ అటు మారాడు: "పతకం లేని గొప్పతనం ఎందుకు? శ్రీజేష్‌కు రెండున్నయి." అయితే పాతకాలపు గోలీ శంకర్ లక్ష్మణ్‌కు రెండు బంగారాలు, ఒక వెండి ఉన్నాయి కదా అని పక్కనున్న ముసలాయన అన్నాడు. బావకు కావలసింది అదే. "గాయన హెల్మెట్ లేకుండ ఆడిండు! తెలుసా?" అని మళ్లీ పార్టీ మార్చాడు. అలా ఒక టీ అయ్యేలోపు బావ ముగ్గురిని గొప్పవాళ్లను చేసి, ముగ్గురినీ దించేశాడు. చివరికి హైదరాబాద్ ముఖేష్ కుమార్ దగ్గర ఆగాడు. మూడు ఒలింపిక్స్ ఆడిన మనవాడు. బావ కుర్రతనంలో సికింద్రాబాద్‌లో ఆయన ఆట చూశాడట. మొదట్లో దూరంగా గ్యాలరీ నుంచి చూశానని చెప్పేవాడు. ఏటేటా దగ్గరికి జరుగుతూ ఇప్పుడు గ్రౌండు గీత దాకా వచ్చాడు. ఇంకొన్నాళ్లాగితే బంతి అందించింది బావే అవుతాడు.

శ్రీజేష్ ఆవు కథ కూడా ఇలాగే పెరిగింది. కొడుకు గోల్‌కీపింగ్ ప్యాడ్‌లు కొనడానికి తండ్రి ఇంటి ఆవును అమ్మాడన్నది అందరికీ తెలిసిందే. బావ నోట మొదట ఒక ఆవు. తర్వాత ఆవూదూడా. మొన్న చుట్టాలింట్లో చెబుతుంటే అరెకరం పొలం కూడా పోయింది. ఇదిలాగే సాగితే ఆ ఇంట్లో వాళ్లకు నిలువనీడ ఉండదని మా అక్క భయం.

ఖాతా సేఠ్‌కు ఇవేవీ పట్టవు. ఆయన ఒకటే అడిగాడు: మొత్తం ఎంతొచ్చింది? హాకీ ఇండియా తలా పదిహేను లక్షలంది, కేరళ ప్రభుత్వం రెండు కోట్లంది అని చెప్పాం. 2006లో మొదలుపెట్టాడా, అని మనసులో భాగించుకుని తల ఊపాడు. శ్రీజేష్ వేసుకున్న 16వ నంబరు జెర్సీ సీనియర్ జట్టులో ఇక ఎవరికీ ఇవ్వరని విన్నప్పుడు మాత్రం నిజంగా బాధపడ్డాడు. నడుస్తున్న డిజైను ఎవరైనా ఆపేస్తారా అని.

బావ శ్రీజేష్ గురించి అరవకుండా మాట్లాడింది ఒక్కసారే. నైట్ డ్యూటీ దిగి వస్తూ అన్నాడు: "గోలీ పని, మాస్టర్ పని ఒక్కటే బామ్మర్దీ. వంద ఆపు, ఎవ్వని కంట్లె పడదు. ఒక్కటి పోనీ, గుడ్డ తాకా మొత్తం దాగంటరు." తెల్లవారుజామున ఆ మాట విన్నాక ఆయన మీద ఉన్న కోపంలో సగం పోయింది. ఇంటికి రాగానే రిమోట్ అడిగాడు. ఆ సగం తిరిగొచ్చింది.

అదే 2024లో అక్టోబర్ 24న రాణి రాంపాల్ కూడా ఆట మానేస్తున్నానంది. టోక్యోలో మన అమ్మాయిల జట్టును నాలుగో స్థానం దాకా నడిపిన కెప్టెన్. హర్యానా షాహాబాద్‌లో బండి లాగి బతికిన మనిషి కూతురు. 254 మ్యాచులు ఆడింది. ఆమె 28వ నంబరును కూడా పక్కన పెట్టారు. టీకొట్టు దగ్గర ఆ రోజు చడీచప్పుడు లేదు. దీపావళి సరుకు పంపే హడావిడి అన్నారు. మా అక్క పీటమీద కూర్చుని చకినాలు చుట్టుకుంటూ అడిగింది: "గా పిల్లకు ఏం తూకం వేసినవ్?" బావ తడుముకున్నాడు. ఆడవాళ్ల ఆట వేరన్నాడు, పచ్చిక అన్నాడు. అక్క వదల్లేదు. "ఇరవై తొమ్మిదేండ్ల పిల్ల. ఒక్కసారి చెప్పింది, ఒక్కసారి దిగింది. గా శ్రీజేష్ గూడ గంతే. మరి నువ్వెన్నిసార్లు దిగుతవ్?"

ఇక్కడ బావ కెరీర్ గురించి చెప్పాలి. ఏటా దీపావళికి మార్కెట్లు మూసే ముందు ఆయన రిటైర్మెంటు ప్రకటిస్తాడు. "గీ దీపావళే ఆఖరు. నవజీవన్ రైలెక్కుడే, వరంగల్‌ల దిగుడే." ఖాతాలో అందరికీ స్వీట్లు పంచుతాడు, కారీగర్లకు నీతులు చెబుతాడు, సేఠ్‌తో ఫోటో దిగుతాడు. నిజంగానే నవజీవన్ ఎక్కుతాడు. వరంగల్‌లో దిగుతాడు. ఊళ్లో ఇంటికి సున్నం వేయిస్తాడు. అక్కడ నిశ్శబ్దానికి నిద్రపట్టదు. దీపావళి వెళ్లాక వచ్చే లాభ్ పాంచమ్‌కు సూరత్‌లో సాంచాలు మళ్లీ తిరిగే పొద్దుకు ఖాతా గుమ్మంలో టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంటాడు. పంచిన స్వీట్ల సంగతి ఎవరూ ఎత్తరు, మళ్లీ ఏడాది పంచుతాడు కదా అని.

పోయిన దీపావళికి ఒక కొత్త షరతు పెట్టాడు. తను దిగిపోయాక తను చూసుకునే వరస సాంచాల నంబర్లను ఇంకెవరికీ ఇవ్వకూడదట.

టీకొట్టు దగ్గర ఇప్పుడు నడుస్తున్న వాదన బావ గురించే. మాస్టర్ నిరుడే దిగాల్సింది, కళ్లు మందగించాయి, పోగు తెగితే రెండు వరసల అవతల గానీ కనిపెట్టడం లేదని ఆ ఒడియా కారీగర్ అంటాడు. నేను ఊరుకుంటానా? ఇంకో నాలుగు దీపావళులు ఆడతాడని బల్ల గుద్ది చెబుతున్నాను. ఒకసారి ఖాతాలోకి వచ్చిన వరదనీళ్లు దిగిన మర్నాడు బురదలో ఆయన సాంచాలు తిప్పించిన సంగతి నీకేం తెలుసని అడుగుతున్నాను. నిజానికి ఆ రోజు నేను ఖాతాలో లేను, చూడనూ లేదు. బావ ఎడమచెయ్యి ఏ బీము మీద వేశాడో మాత్రం వివరంగా చెబుతున్నాను. నంబర్ల విషయం నేనే సేఠ్‌ను అడిగాను కూడా. అవన్నీ లాభ్ పాంచమ్ నాటికే కొత్త ఆర్డరుకు రాసేశానన్నాడు, పక్కన మాస్టర్ పేరుతో సహా.